మెయిల్ ఫైళ్ల భద్రత విషయంలో థండర్‌బర్డ్ ఎంతవరకు నమ్మదగినది?

మెయిల్ ప్రోగ్రాములను సమీక్షించేవారు ఎక్కువగా తెర అమరిక గురించి, వెతుకులాట వేగం గురించి, క్యాలెండరు సదుపాయాల గురించి రాస్తుంటారు. రోజువారీ వాడకానికి అవన్నీ అవసరమైనవే అయినా, కంప్యూటరు పాడైన రోజున వాటిలో ఏదీ అక్కరకు రాదు. ఆ రోజున మూడు ప్రశ్నలే మిగులుతాయి. నా ఉత్తరాలు డిస్కులో ఏ ఫోల్డరులో ఉన్నాయి, వాటిని నా చేతులతో నేను కాపీ చేసుకోగలనా, ఆ కాపీని కొత్త కంప్యూటరులో ప్రోగ్రాముకు చూపిస్తే అది మారుమాట్లాడకుండా తీసుకుంటుందా? ఈ సమీక్షలో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామును ఈ మూడు ప్రశ్నల మీదే నిలబెట్టి చూస్తున్నాను.

ఈ విషయం మీద నాకింత పట్టింపు ఏర్పడటానికి కారణం ఒక పాత పాప్ ఖాతా. ఆ సేవను అందించిన సంస్థ కొన్నేళ్ల క్రితం దాన్ని మూసేసింది. పాప్ పద్ధతిలో ఉత్తరాలు సర్వరు నుంచి దిగి కంప్యూటరులోని ఫైళ్లలో చేరతాయి కాబట్టి, అందులోని పదకొండేళ్ల ఉత్తరప్రత్యుత్తరాలకు ఇప్పుడు నా డిస్కులో ఉన్న ఫైళ్లు తప్ప మరో ఆధారం లేదు. అవి పోతే ఇంకెవరిని అడిగినా దొరకవు. ఐమ్యాప్ ఖాతా ఉన్నవారు తమకు ఈ బెడద లేదని అనుకుంటారు గాని, ఆ ధైర్యం సగమే నిజం. ఐమ్యాప్‌లో కంప్యూటరులో కనిపించేది సర్వరుకు పట్టిన అద్దం వంటిది. అక్కడ ఒక ఉత్తరం చెరిగిపోతే, అది మన పొరపాటు వల్ల జరిగినా, ఖాతాలోకి చొరబడినవారి వల్ల జరిగినా, మరుసటిసారి సర్వరుతో కలిసినప్పుడు ఇక్కడి ప్రతి కూడా చెరిగిపోతుంది. థండర్‌బర్డ్‌లో ‘లోకల్ ఫోల్డర్స్’ అనే విభాగంలోకి కాపీ చేసుకున్న ఉత్తరాలు మాత్రమే సర్వరుతో నిమిత్తం లేకుండా నిలుస్తాయి.

మొదటి ప్రశ్న, ఫైళ్లు ఎక్కడున్నాయన్నది. థండర్‌బర్డ్ తన సర్వస్వాన్నీ ‘ప్రొఫైల్’ అనే ఒకే ఫోల్డరులో పెడుతుంది. విండోస్‌లో అది వాడుకరి ఫోల్డరులోని యాప్‌డేటా, దానిలోని రోమింగ్, దానిలోని థండర్‌బర్డ్, దానిలోని ప్రొఫైల్స్ అనే వరుసలో ఉంటుంది. దాని పేరు అర్థంలేని ఎనిమిది అక్షరాలతో మొదలై, చుక్క తర్వాత ‘డిఫాల్ట్-రిలీజ్’ అని ముగుస్తుంది. మ్యాక్‌లో వాడుకరి లైబ్రరీ ఫోల్డరులోను, లినక్స్‌లో హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే థండర్‌బర్డ్ ఫోల్డరులోను ఉంటుంది. లినక్స్‌లో స్నాప్ ప్యాకేజీగా వేసుకున్నవారికి అది హోమ్‌లోని స్నాప్ ఫోల్డరు లోపలికి మారుతుంది. ఇక్కడ ఒక లోపం చెప్పాలి. విండోస్ యాప్‌డేటాను మామూలుగా కనిపించకుండా దాచి ఉంచుతుంది. ‘డాక్యుమెంట్స్’ ఫోల్డరును కాపీ చేసుకుంటే తన సామానంతా వచ్చేసినట్టే అనుకునే సామాన్య వాడుకరికి తన ఉత్తరాలు ఆ మూటలో లేవని తెలిసే అవకాశమే లేదు. ఈ దాపరికం విండోస్‌దే అయినా, ఆ మాటను తన వాడుకరికి ముందుగా చెప్పే బాధ్యత మెయిల్ ప్రోగ్రాముది.

అయితే దారి తెలిసినవారికి పని సులువు. హెల్ప్ మెనూలో ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ అనే పేజీ తెరిస్తే, పై వరుసల్లోనే ప్రొఫైల్ ఫోల్డరు ఎక్కడుందో చూపించి, దాన్ని తెరిచే బటన్ కూడా పక్కనే ఉంటుంది. ఊహతో వెతికి దొరికిన ఫోల్డరును నమ్మడం కంటే ఈ బటన్ నొక్కి వచ్చిన ఫోల్డరునే నమ్మడం మంచిది. ఎందుకంటే చాలా ఏళ్లుగా వాడుతున్న కంప్యూటరులో రెండు మూడు ప్రొఫైళ్లు పక్కపక్కనే ఉండటం సాధారణం. 68వ వెర్షను నుంచి ఈ ప్రోగ్రాము ప్రతి ఇన్‌స్టలేషనుకు విడిగా ఒక ప్రొఫైలును కేటాయించే పద్ధతిలోకి మారింది. అందువల్ల పాత ‘డిఫాల్ట్’ ఒకటి, కొత్త ‘డిఫాల్ట్-రిలీజ్’ ఒకటి కనిపించి, వాటిలో ఒకటి ఖాళీగా ఉండటం కద్దు. ఏది వాడకంలో ఉందో తేల్చేది ఆ పేజీయే.

ఆ ఫోల్డరు లోపలికి వెళ్తే థండర్‌బర్డ్ మీద నాకున్న నమ్మకానికి కారణం కనిపిస్తుంది. పాప్ ఖాతాలు, లోకల్ ఫోల్డర్స్ ‘మెయిల్’ అనే ఫోల్డరులోను, ఐమ్యాప్ ఖాతాలు ‘ఐమ్యాప్‌మెయిల్’ అనే ఫోల్డరులోను ఉంటాయి. లోపల ‘ఇన్‌బాక్స్’, ‘సెంట్’ వంటి పేర్లతో, ఏ పొడిగింపూ (పేరు చివర చుక్క తర్వాత వచ్చే ఎక్స్‌టెన్షన్) లేని ఫైళ్లు ఉంటాయి. అవే ఉత్తరాలు. ప్రతిదాని పక్కన అదే పేరుకు ‘ఎంఎస్ఎఫ్’ అనే పొడిగింపు తగిలించిన మరో ఫైలు ఉంటుంది; అది కేవలం విషయసూచిక. ఉప ఫోల్డర్లుంటే అవి ‘ఎస్‌బీడీ’ అని ముగిసే ఫోల్డరులో చేరతాయి. కొత్తగా చూసేవారు తరచుగా ఎంఎస్ఎఫ్ ఫైళ్లనే మెయిల్ అనుకుని వాటిని మాత్రం జాగ్రత్తపరచి, పొడిగింపు లేని పెద్ద ఫైలును ఎందుకూ పనికిరానిదని వదిలేస్తుంటారు. నిజానికి విషయసూచిక పోయినా నష్టం లేదు. ఆ ఫోల్డరును మళ్లీ తెరిచినప్పుడు ప్రోగ్రాము దాన్ని తిరిగి తయారుచేసుకుంటుంది. ఫోల్డరు ప్రాపర్టీస్‌లోని ‘రిపేర్ ఫోల్డర్’ బటన్ చేసే పని కూడా అదే.

పొడిగింపు లేని ఆ ఫైలు ఎంబాక్స్ పద్ధతిలో ఉంటుంది. ఇది యూనిక్స్ కాలం నుంచి వస్తున్న సాదా పాఠం. ఒకసారి నా పాత ఇన్‌బాక్స్ ఫైలు కాపీ ఒకదాన్ని టెక్స్ట్ ఎడిటరులో తెరిచి చూశాను. ‘ఫ్రమ్’ అనే మాట, ఒక ఖాళీ, హైఫన్, తేదీ ఉన్న వరుసతో ప్రతి ఉత్తరమూ మొదలవుతుంది. దాని కింద పంపినవారి చిరునామా, విషయం, తేదీ, ఒక ఖాళీ వరుస, ఆ తర్వాత ఉత్తరం. ఇంగ్లీషు ఉత్తరాలు చాలావరకు యథాతథంగా చదువుకోవచ్చు. తెలుగు ఉత్తరాలు మాత్రం తెలుగులో కనిపించవు, కాబట్టి ఫైలు చెడిపోయిందని కంగారుపడే ప్రమాదం ఉంది. యూనికోడ్‌లోని యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు వర్ణసంకేతానికి మూడు బైట్లు పడతాయి, అవి మెయిల్‌లో ప్రయాణించడానికి సాధారణంగా బేస్64 అనే సంకేతరూపంలోకి మారతాయి. ఆ మూడు బైట్లూ నాలుగు గుర్తులవుతాయి. అందుకే తెలుగులో మొదలయ్యే ఉత్తరం ఆ ఫైలులో ఎప్పుడూ 4, ఎల్, సీ అనే మూడు గుర్తులతోనో, 4, ఎల్, జీ అనే మూడు గుర్తులతోనో మొదలవుతుంది. ఈ సంగతి తెలిసిన తర్వాత, ఆ గజిబిజి గుర్తుల మధ్య ‘4ఎల్‌సీ’ ఎదురైన ప్రతిచోటా ఇక్కడ మన అక్షరం ఉందని గుర్తుపట్టగలిగాను. నా ఉత్తరాలు ఏ ఒక్క ప్రోగ్రాము దయ మీదా ఆధారపడి లేవని, ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు ఈ ఫైలును విప్పి చదవగలరని అప్పుడు నాకు గట్టిగా తెలిసింది.

దీన్ని మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామైన అవుట్‌లుక్‌తో పోల్చి చూడటం న్యాయం. కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసుకునే పాత తరహా అవుట్‌లుక్ ఉత్తరాలు, పరిచయాలు, క్యాలెండరు అన్నిటినీ ఒకే పీఎస్‌టీ ఫైలులో పెడుతుంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘డేటా ఫైల్స్’ అనే విభాగం ఏ ఫైలు ఎక్కడుందో వరుసగా చూపిస్తుంది. 2010 వెర్షను నుంచి ఆ ఫైలు డాక్యుమెంట్స్‌లోనే, ‘అవుట్‌లుక్ ఫైల్స్’ అనే ఫోల్డరులో కనబడేలా పెడుతున్నారు. ‘ఓపెన్ అవుట్‌లుక్ డేటా ఫైల్’ అంటే మళ్లీ తగిలించినట్టే. వెతకడం, తగిలించడం అన్న రెండు పనుల్లోనూ ఇది థండర్‌బర్డ్ కంటే సూటిగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. కాని ఆ ఫైలు సాదా పాఠం కాదు. దాన్ని మామూలు ఎడిటరులో తెరిచి చదవలేము, అంతా ఒకే పెట్టెలో ఉంది గనుక పెట్టె చెడితే అన్నీ కలిసి చిక్కుకుంటాయి. 2002 వరకూ వచ్చిన వెర్షన్ల పీఎస్‌టీకి 2 జీబీ పరిమితి ఉండేది. 2003లో కొత్త రూపంతో అది 20 జీబీకి, 2010లో 50 జీబీకి పెరిగింది. ఇంతకంటే ముఖ్యమైన చిక్కు ఓఎస్‌టీ ఫైలుతో, అంటే సర్వరులోని మెయిల్‌కు అవుట్‌లుక్ కంప్యూటరులో ఉంచే ప్రతితో వస్తుంది. 2013 వెర్షను నుంచి ఐమ్యాప్ ఖాతాలకూ ఓఎస్‌టీయే వాడుతున్నారు. దాన్ని కాపీ చేసి మరో కంప్యూటరుకు తీసుకెళ్లి నేరుగా తెరవడానికి అవుట్‌లుక్ ఒప్పుకోదు. ఆ ఫైలును దాచుకుని బ్యాకప్ ఉందని నిశ్చింతగా ఉన్నవారు అవసరం పడినప్పుడు ఉత్త చేతులతో మిగులుతారు. వారు చేయవలసింది ప్రోగ్రాము లోపలి నుంచి పీఎస్‌టీగా ఎగుమతి చేసుకోవడం. థండర్‌బర్డ్‌లో ఇటువంటి తేడా లేదు; ఐమ్యాప్ ఉత్తరాలను కంప్యూటరులో ఉంచమని చెప్పి, అవి పూర్తిగా దిగాయని చూసుకుంటే, వాటి ఫైళ్లూ అదే ఎంబాక్స్ రూపంలో మన చేతికి వస్తాయి.

ఇక రెండవ ప్రశ్న, కాపీ చేయడం. ఇక్కడ థండర్‌బర్డ్ చేసిన ఏర్పాటు అసంపూర్ణంగా ఉందన్నదే నా అభిప్రాయం. టూల్స్ మెనూలోని ‘ఎక్స్‌పోర్ట్’ మొత్తం ప్రొఫైలును ఒక జిప్ ఫైలుగా కట్టి ఇస్తుంది. చిన్న ఖాతాలకు ఇది చక్కగా పనిచేస్తుంది. ప్రొఫైలు 2 జీబీ దాటితే మాత్రం, మీరే కాపీ చేసుకోండని చెప్పి ఊరుకుంటుంది. అటాచ్‌మెంట్లతో కూడిన పదేళ్ల మెయిల్ 2 జీబీకి లోబడి ఉండటం అరుదు. అంటే బ్యాకప్ అవసరం ఎవరికి ఎక్కువో వారికే ఆ సదుపాయం అందడం లేదు. నిర్ణీత సమయానికి దానంతట అదే బ్యాకప్ తీసుకునే ఏర్పాటు కూడా ప్రోగ్రాములో లేదు. 1.0 వెర్షను 2004 డిసెంబరులో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ఖాళీ అలాగే ఉండటం నాకు బాధ కలిగిస్తోంది, ఎందుకంటే మిగతా విషయాల్లో వాడుకరి మేలు కోరే ప్రోగ్రాము ఇది.

చేత్తో కాపీ చేయడం కష్టమైన పని కాదు. ప్రోగ్రామును పూర్తిగా మూసి, ప్రొఫైల్ ఫోల్డరును మొత్తంగా బయటి డిస్కుకు కాపీ చేయాలి. మూయడం అనే మొదటి అడుగును తేలిగ్గా తీసుకోకూడదు. ప్రోగ్రాము నడుస్తుండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైలు కాపీలోకి రావచ్చు, విలాసాల పుస్తకం వంటి డేటాబేస్ ఫైళ్లు పొంతన లేకుండా చేరవచ్చు. పెన్‌డ్రైవ్ విషయంలో మరో జాగ్రత్త ఉంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ పరిమాణం ఉన్న ఒక్క ఫైలును కూడా తీసుకోదు. ఎంబాక్స్ పద్ధతిలో ఒక మెయిల్ ఫోల్డరంతా ఒకే ఫైలు కాబట్టి, ఏళ్ల తరబడి ఇన్‌బాక్స్‌ను సర్దని వారికి ఈ అడ్డంకి తప్పక ఎదురవుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌గా గాని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా గాని ఫార్మాట్ చేసిన డిస్కు వాడితే ఈ సమస్య ఉండదు.

అంత పెద్ద ఇన్‌బాక్స్‌ను అలాగే ఉంచడం అసలు మంచిది కాదు. మొత్తం ఒకే ఫైలు కావడం వల్ల, అందులోని ఒక్క ఉత్తరానికి హానికరమైన అటాచ్‌మెంట్ ఉన్నా, కొన్ని యాంటీవైరస్ ప్రోగ్రాములు ఆ ఫైలునంతటినీ ఎత్తి నిర్బంధంలో పెట్టేస్తాయి. అప్పుడు ఇన్‌బాక్స్ ఒక్కసారిగా ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. ఉత్తరాలను సంవత్సరం వారీగా వేరువేరు ఫోల్డర్లలోకి సర్దుకుంటే నష్టం ఒక ఫైలుకే పరిమితమవుతుంది, కాపీ కూడా త్వరగా పూర్తవుతుంది.

ఎంబాక్స్ వల్ల మరో మేలు చాలామందికి తెలియదు. మనం ఉత్తరాన్ని చెరిపినప్పుడు అది ఫైలులోంచి వెంటనే పోదు. దాని శీర్షికలోని ‘ఎక్స్-మొజిల్లా-స్టేటస్’ అనే వరుసలో చెరిపినట్టు ఒక గుర్తు పడుతుంది, అంతే. చెరిపినవాటిని తీసేసి ఫైలును కుదించే ‘కాంపాక్ట్’ జరిగినప్పుడే అది నిజంగా తొలగిపోతుంది. కాబట్టి విలువైన ఉత్తరం పొరపాటున చెరిగితే, మొట్టమొదట కాంపాక్ట్ జరగకుండా చూసుకుని, ప్రోగ్రామును మూసి, ఆ ఫైలుకు కాపీ తీసుకోవాలి. ఆ కాపీలోని గుర్తును సున్నాలుగా మార్చి, విషయసూచికను తొలగించి తెరిస్తే ఉత్తరం తిరిగి కనిపించే అవకాశం బాగా ఉంటుంది.

మూడవ ప్రశ్న, తిరిగి తగిలించడం. ఇక్కడ నాకు జరిగినది చెప్పాలి. కొత్త కంప్యూటరుకు మారినప్పుడు ప్రొఫైల్ ఫోల్డరునంతా జాగ్రత్తగా కాపీ చేసి తెచ్చి తగిలించాను. ఖాతాలన్నీ ఎడమవైపు వరుసగా కనిపించాయి, విలాసాలు వచ్చాయి, పాస్‌వర్డు అడగకుండానే కొత్త మెయిల్ దిగింది. మూతపడిన ఆ పాత ఖాతా మీద నొక్కి చూస్తే మాత్రం అందులో ఒక్క ఉత్తరం లేదు. కాసేపు చేతులాడలేదు. పాత కంప్యూటరును ఇంకా తుడిచిపెట్టకపోవడం నా అదృష్టం. దాన్ని తెరిచి, అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆ ఖాతా సర్వర్ సెట్టింగ్స్ పేజీ అడుగున ఉండే ‘లోకల్ డైరెక్టరీ’ అనే పెట్టెలోకి చూస్తే సంగతి బయటపడింది. ఎప్పుడో మొదటి డ్రైవులో చోటు చాలనప్పుడు ఆ ఒక్క ఖాతా ఫైళ్లను నేనే రెండవ డ్రైవులోకి మార్చి, ఆ తర్వాత మరచిపోయాను. ప్రొఫైల్ ఫోల్డరులో అవి లేవు కాబట్టి కాపీలోకీ రాలేదు. ఆ ఫోల్డరును విడిగా తెచ్చి, కొత్త కంప్యూటరులో అదే పెట్టె పక్కనున్న ‘బ్రౌజ్’ బటన్‌తో చూపించి, ప్రోగ్రామును మళ్లీ మొదలుపెట్టగానే పదకొండేళ్ల ఉత్తరాలూ యథాస్థానంలో కనిపించాయి. అందువల్ల బ్యాకప్ తీసేముందు ప్రతి ఖాతాకూ, లోకల్ ఫోల్డర్స్‌కూ ఆ ఒక్క పెట్టెను చూసి తీరాలని నేను గట్టిగా చెబుతాను. అర నిమిషం పని అది.

మామూలుగా తగిలించే పద్ధతి ఇది. ప్రోగ్రామును, ప్రొఫైళ్లను సృష్టించడానికీ తీసేయడానికీ ఉన్న ‘ప్రొఫైల్ మేనేజరు’తో మొదలుపెట్టాలి. విండోస్ రన్ పెట్టెలో ప్రోగ్రాము పేరు తర్వాత ఖాళీ వదిలి హైఫన్, పీ అక్షరం టైపు చేస్తే అది తెరుచుకుంటుంది. కొత్త ప్రొఫైలు సృష్టించమని చెప్పి, ‘చూజ్ ఫోల్డర్’ దగ్గర మనం కాపీ చేసి తెచ్చిన ఫోల్డరును చూపిస్తే చాలు, దాన్నే తన ప్రొఫైలుగా స్వీకరిస్తుంది. సెట్టింగులను మళ్లీ టైపు చేయవలసిన పని లేదు, ఉత్తరాలను దిగుమతి చేయవలసిన పని లేదు. ఇంత తక్కువ శ్రమతో మొత్తం కార్యస్థలాన్ని మరో కంప్యూటరుకు, చివరకు విండోస్ నుంచి లినక్స్‌కు కూడా మార్చగలగడం థండర్‌బర్డ్‌లోని పెద్ద సుగుణం. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. కొత్త కంప్యూటరులోని వెర్షను పాతదానికంటే వెనకటిది కాకూడదు. కొత్త వెర్షను ముట్టుకున్న ప్రొఫైలును పాత వెర్షను తెరవనని నిరాకరిస్తుంది. రెండవది, అదే మేనేజరులో అక్కర్లేని ప్రొఫైలును తీసేసేటప్పుడు ఫైళ్లను కూడా తొలగించాలా అని అడుగుతుంది. అక్కడ తొందరపడి అవునంటే ఆ ఫోల్డరులోని సమస్తమూ పోతుంది.

ఇదే మేనేజరును నేను బ్యాకప్ సరిచూసుకోవడానికి కూడా వాడతాను. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మడానికి వీల్లేదు. బయటి డిస్కులోని ప్రతికి మరో కాపీ తీసి, దాన్ని వేరే పేరుతో ప్రొఫైలుగా చూపించి, మేనేజరులోనే ఉన్న ‘వర్క్ ఆఫ్‌లైన్’ గడిలో టిక్కు పెట్టి తెరుస్తాను. ఆ టిక్కు లేకపోతే పాప్ ఖాతాలోని కొత్త ఉత్తరాలు ఈ పరీక్ష ప్రతిలోకి దిగిపోయి, అసలు ప్రతికి అందకుండా పోయే ప్రమాదం ఉంది. తెరిచాక అన్నిటికంటే పాత ఉత్తరం ఒకటి, నిన్నమొన్నటి ఉత్తరం ఒకటి, పెద్ద అటాచ్‌మెంట్ ఉన్నది ఒకటి తెరుచుకుంటున్నాయో లేదో చూస్తాను. ఫైళ్లను నా మాదిరిగా వేరే డ్రైవులో పెట్టుకున్నవారు ఈ పరీక్షను అదే కంప్యూటరులో చేస్తే మోసపోతారు. పరీక్ష ప్రతి కూడా ఆ అసలు ఫైళ్లనే చూపిస్తుంది, బ్యాకప్‌లో అవి లేవన్న సంగతి బయటపడదు.

మొత్తం మీద, ఉత్తరాలను తన దగ్గరే ఉంచుకోదలచిన వ్యక్తికి, నెలకొకసారి ఒక ఫోల్డరును కాపీ చేసే ఓపిక ఉన్నవారికి, నేను సందేహం లేకుండా సూచించేది థండర్‌బర్డ్‌నే. ఆ ఓపిక లేనివారికి, లేదా పని అంతా ఐమ్యాప్ సర్వరులోనే ఉండి పాత ఉత్తరాల మీద పెద్దగా పట్టింపు లేనివారికి ఈ సుగుణం వల్ల అదనంగా ఒరిగేది తక్కువ.

ఒక్క విషయంలో మాత్రం ఈ సౌలభ్యం ప్రమాదం కూడా అవుతుంది. ప్రొఫైల్ ఫోల్డరులో దాచిన పాస్‌వర్డులు ‘లాగిన్స్’ అనే ఫైలులో, వాటిని విప్పే తాళం ‘కీ4’ అనే ఫైలులో పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండూ బ్యాకప్‌లో చేరతాయి కాబట్టే కొత్త కంప్యూటరులో పాస్‌వర్డు అడగలేదు. ఆ డిస్కు మరొకరి చేతిలో పడితే వారినీ అడగదు. సెట్టింగ్స్‌లో ‘ప్రైమరీ పాస్‌వర్డ్’ పెట్టుకుంటే ఆ తాళానికి రక్షణ ఏర్పడుతుంది. అయితే అది పాస్‌వర్డులకే తప్ప సాదా పాఠంగా ఉన్న ఉత్తరాలకు వర్తించదు. అందుకని నా బ్యాకప్ డిస్కును మొత్తంగా ఎన్‌క్రిప్ట్ చేసి, కంప్యూటరుతో పాటు ఒకే సంచిలో కాకుండా వేరే చోట ఉంచుతున్నాను.